నా కేబుళ్ళు, ఆయన డబ్బా, కింది అమ్మ కాఫీ

బెంగళూరు మారతహళ్ళిలో మేముండే అపార్టుమెంటుకి లిఫ్టుంది, జనరేటరుంది, అసోసియేషనుంది, అసోసియేషనులో రెండు పార్టీలున్నాయి. అయినా ఆ భవనాన్ని చాలాకాలం నడిపింది మాత్రం నా జంపర్ కేబుళ్ళే. ఈ మాటంటే మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనివ్వండి. ఆవిడ స్కూటరుకి కిక్కు ఉంది. తాళం తిప్పితే ఇంజను పలక్కుండా లోపల ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు టకటకమని మాత్రం చప్పుడు వచ్చే కారులో కూర్చున్నవాడి బాధ ఆవిడకేం తెలుసు?

మా ఊళ్ళో కార్లు ఎక్కువ, కదలడం తక్కువ. కొన్నవాళ్ళు ఇంట్లోంచే ఆఫీసు చేస్తారు. కారు మీద గుడ్డ కప్పి నెలల తరబడి పడుకోబెడతారు. ఓ శనివారం మొత్తం కుటుంబం తయారై, పులిహోర డబ్బాలతో సహా ఎక్కి కూర్చున్నాక తెలుస్తుంది, బ్యాటరీ ఎప్పుడో పరమపదించిందని. అప్పుడు నాకు ఫోను. నేను మూడో అంతస్తు నుంచి దిగేవాణ్ణి. లిఫ్టులో కాదు, మెట్ల మీద. భుజాన ఎర్రదొకటి, నల్లదొకటి, కొండచిలువంత లావు కేబుళ్ళు. చివర్లలో మొసలి నోళ్ళలాంటి క్లిప్పులు. చూసినవాళ్ళు దారిచ్చేవాళ్ళు. ఒకరిద్దరు నమస్కారం కూడా పెట్టారు. వాళ్ళు చెమట తుడుచుకుంటూ చెయ్యెత్తారని మా ఆవిడ వాదన.

ఆ తరవాత జరిగేది క్రతువు. ముందు ఎర్ర క్లిప్పు చచ్చిన బ్యాటరీ ప్లస్సుకి. రెండో కొస బతికున్న బ్యాటరీ ప్లస్సుకి. నల్లది బతికున్నదాని మైనస్సుకి. ఆఖరి నల్ల క్లిప్పు మాత్రం చచ్చిన బ్యాటరీకి కాదు, ఆ బండి ఇంజను మీద రంగులేని ఇనుము చూసి దానికి. అక్కడ నిప్పురవ్వ లేస్తుంది. ఆ రవ్వ బ్యాటరీకి దూరంగా లేవడమే మర్యాద. ఈ వరసని నేను మంత్రంలా పైకి చదివేవాణ్ణి. చుట్టూ నిలబడ్డవాళ్ళు గోత్రం చెప్పడానికి సిద్ధంగా ఉన్నట్టు చేతులు కట్టుకునేవాళ్ళు. వరస తప్పితే కారులోని కంప్యూటర్లన్నీ కాలిపోతాయని, మహదేవపుర దాకా కరెంటు పోతుందని నేనే ప్రచారం చేశాను. మొదటిది కొంత నిజం.

వీళ్ళందరి ఫోన్లూ ఒక ఎత్తు, కింది అమ్మ ఫోను ఒక ఎత్తు.

కింది అమ్మ అంటే గ్రౌండ్ ఫ్లోరులో ఉండే పెద్దావిడ. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైంది. కోలారు వైపు మనుషులు, మూడు తరాలుగా బెంగళూరే. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, తిట్టేటప్పుడు రెండూ. వాళ్ళాయన వాడిన పాత కారు ఒకటి వాకిట్లోనే ఉంటుంది. దాని కాగితాల గడువు ఎప్పుడో అయిపోయింది, రోడ్డెక్కకూడదు. అయినా అది మూగనోము పట్టడం ఆవిడకిష్టం లేదు. అప్పుడప్పుడూ స్టార్టు చేయించి, కాంపౌండులో ఒక చుట్టు తిప్పించి, "ఇంకా ఉసురుండాది" అని తృప్తిపడేది. ఆ ఉసురు పోసేవాణ్ణి నేను.

నా బండి దాని పక్కకి తెచ్చి, కేబుళ్ళు తగిలించి, పాత బ్యాటరీకి కొంచెం బలం ఎక్కేదాకా ఆగాలి. ఆ ఆగినంతసేపూ ఆవిడ అరుగు మీద కుర్చీ నాది. లోపల పాల గిన్నె స్టవ్వెక్కేది. ఆ కాఫీ గురించి ఎలా చెప్పను? డికాక్షను చుక్కలు చుక్కలుగా దిగుతుంటే వాసనకి నాలుగో అంతస్తులో నిద్రపోతున్నవాళ్ళు లేచి పళ్ళు తోముకునేవాళ్ళు. స్టీలు లోటాలో, పైన బొటనవేలంత నురగతో వచ్చేది. ఒక గుక్క తాగితే ఔటర్ రింగ్ రోడ్డు ఖాళీగా కనిపించేది. "తాగప్పా, ఆరిపోతాండాది" అని ఆవిడ అనడం, "మీ చేతి కాఫీ ముందు ఈ బ్యాటరీలెంతమ్మా" అని నేననడం. ఈ భవనంలో నేను అనుభవించిన ఏకైక పదవి అదే.

రెండో అంతస్తులోకి ఆయన దిగాడు. నలభై దాటని మనిషి, వరంగల్ వైపు, సాఫ్ట్‌వేరు. మెట్ల దగ్గర మొదటిసారి కలిసినప్పుడు "నమస్తే అన్నా" అన్నాడు. మంచివాడే అనుకున్నాను. మనుషుల్ని అంచనా వెయ్యడంలో నేనెప్పుడూ దెబ్బతింటాను.

ఒక ఉదయం కింది అమ్మ ఫోను చేసింది. "బండి మళ్ళా మాట్లాడలేదప్పా. స్వల్ప రా." నేను చొక్కా వేసుకుని, దువ్వుకుని, కేబుళ్ళు భుజాన సర్దుకుని, అద్దంలో ఒకసారి చూసుకుని దిగాను. రాజు సభకి పరుగెత్తుకుని పోడు కదా. దిగేసరికి పాత కారు గుర్రుగుర్రుమంటోంది. దాని ముందు రెండో అంతస్తాయన. అరచేతిలో ఒక నల్ల డబ్బా. సబ్బుపెట్టెకి కాస్త పెద్దది, టిఫిన్ డబ్బాకి కాస్త చిన్నది. దానికి జానెడు వైర్లు రెండు, తోకల్లా.

"ఏంటది?" అన్నాను.

"జంప్ స్టార్టర్ అన్నా. పోర్టబుల్. ఏం లేదు, గిట్ల పెట్టుడు, గిట్ల నొక్కుడు. ఇంకో బండే అక్కర్లేదు."

ఇంకో బండే అక్కర్లేదు! ఆ మాట నా ఛాతీలో దిగబడింది. నా వైభవమంతా ఆ ఇంకో బండే కదా. కింది అమ్మ ముఖం వెలిగిపోతోంది. "చూడప్పా, టార్చిలైటు మాదిరి ఉండాది! బేగ అయిపోయ. నువ్వు పాపం అంత బరువు మోసుకొస్తివి."

పాపం అంది. అది కూడా భరించేవాణ్ణి. కానీ అరుగు గోడ మీద స్టీలు లోటా కనిపించింది. అడుగున కొంచెం కాఫీ, అంచున నురగ. అప్పుడే తాగి పెట్టినట్టుంది. నేను కేబుళ్ళతో పాటు మెట్లెక్కాను. ఎక్కేటప్పుడు అవి రెండింతలు బరువు.

ఆ తరవాత ఆవిడ నాకు ఫోను చెయ్యడం మానేసింది. మిగతావాళ్ళూ అంతే. బాల్కనీలోంచి చూస్తుంటే ఆయన లుంగీ మీదే దిగడం, డబ్బా పెట్టడం, కారు బుర్రుమనడం. నేను గోధుమరంగు చొక్కా ఇస్త్రీ చేయించుకున్నది ఎవరి కోసం?

"ఎందుకండీ అలా మాడిపోతారు?" అంది మా ఆవిడ. "మీకు ఒక కారు కావాలి, పక్కన ఇంకో కారు కావాలి, రెండు బానెట్లెత్తాలి, ఓ ఉపన్యాసం కావాలి. ఆయనకి ఒక చెయ్యి చాలు."

"ఆ డబ్బాకి ఛార్జింగు పెట్టాలి, తెలుసా? నెలల తరబడి మర్చిపోతే అదీ చస్తుంది. చచ్చిన కారుని బతికించడానికి చచ్చిన డబ్బా! ఎండలో నిలబెట్టిన కారులో వదిలేస్తే లోపలి లిథియం ఉబ్బుతుంది కూడా. నా కేబుళ్ళకి ఛార్జింగా, ఎండా? నా తరవాత కూడా ఉంటాయి."

"ఉంటాయి. బేస్‌మెంటులో మన కారు ముక్కు గోడకి ఆనించి ఉంటుంది కదా, అక్కడ బ్యాటరీ పోతే మీ కేబుళ్ళు చేరతాయా?"

చేరవు. అది ఇంటి రహస్యం. ఆవిడ అలాంటివే అడుగుతుంది.

నేనూ ఊరుకోలేదు. ఫోనులో ఆ డబ్బాల జాతకాలన్నీ చదివాను. ఎంత పెద్ద ఇంజనుని లేపుతుంది, క్లిప్పులు తారుమారైతే తనే ఆగిపోతుందా, దాంతో ఫోను ఛార్జింగు చేసుకోవచ్చా. చేసుకోవచ్చట. టార్చి కూడా ఉందట. నిష్పక్షపాతంగా చెబితే ఒంటరిగా ఎక్కడో ఆగిపోయినవాడికి అదే దిక్కు. నిష్పక్షపాతంగా చెప్పాల్సిన అవసరం నాకేముంది? అయినా కార్టులో ఒకటి పెట్టాను. తీసేశాను. మళ్ళీ పెట్టాను. కొంటే ఆయన్ని చూసి కొన్నట్టవుతుంది. కొనకపోతే కాఫీ ఆయనది.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది.

మా భవనంలో ఆ పూజ కింది అమ్మ వాకిట్లో జరుగుతుంది. ముందురోజు సాయంత్రం ప్రతి ఇంటి నుంచీ పనిముట్టు ఒకటి అక్కడికి చేరాలి. స్క్రూడ్రైవర్లు, కత్తెరలు, దర్జీ పని చేసేవాళ్ళ టేపు, సాఫ్ట్‌వేరు వాళ్ళ పాత కీబోర్డులు. గంధం, కుంకుమ, బంతిపూలు పడ్డాక మర్నాడు పునఃపూజ చేసి తీసేదాకా ఎవరూ ముట్టకూడదు. కత్తులు కూడా అక్కడే ఉంటాయి కాబట్టి కూరలు ముందే తరుక్కోవాలి. కింది అమ్మ ఈ నియమం విషయంలో దేవుడి కంటే గట్టిది.

ఆ సాయంత్రం ఆవిడ గొంతు మెట్ల మీదుగా పైకి వినిపించింది. "రెండో అంతస్తప్పా, నీ డబ్బా తీసుకురా. దానికి నడిమధ్యలో జాగా పెట్టిండాను!"

నా కేబుళ్ళని అడుగుతుందని ఎదురుచూశాను. వాటిని తడిగుడ్డతో తుడిచి, క్లిప్పులకి కొబ్బరినూనె రాసి, తలుపు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. అడగలేదు. మా ఆవిడ మా ఇంటి తరఫున సుత్తి తీసుకెళ్ళింది. సుత్తి! ఆ ఇంట్లో మేకు కొట్టి ఎన్నాళ్ళైందో సుత్తికే తెలియదు.

మర్నాడు పొద్దున్నే బండ్ల పూజ. పూజలో నన్ను కాదంటే అలంకారంలో చూసుకుందాం అనుకున్నాను. రెండో అంతస్తాయన తన కారుని వాకిట్లో, పాత కారు పక్కనే పెట్టి, నాలుగు తలుపులూ బార్లా తెరిచి పాటలు పెట్టాడు. నేను బేస్‌మెంటులో నా కారుకి నాలుగు తలుపులతో పాటు డిక్కీ కూడా తెరిచాను. హెడ్‌లైట్లు వేశాను. ఇండికేటర్లు నాలుగూ కొట్టుకునేలా పెట్టాను. ఆయన కంటే పాటల శబ్దం ఎక్కువ పెట్టాను. ఆయన ఇంకొంచెం పెంచాడు. నేను ఇంకా పెంచాను. అరటి పిలకలు ఊగాయి. టైర్ల కింద నిమ్మకాయలు భయంతో పచ్చబడ్డాయి. పొద్దెక్కేదాకా ఈ యుద్ధం సాగింది.

దసరా సెలవులకి సగం భవనం ఊళ్ళకి పోయింది. మిగిలినవాళ్ళు పూజ అవగానే నిమ్మకాయలు తొక్కించి, బండ్లేసుకుని తలో దిక్కుకీ వెళ్ళారు. మధ్యాహ్నానికి నేనూ, మా ఆవిడా, రెండో అంతస్తాయనా మిగిలాం. అప్పుడు కింది అమ్మ బయటికొచ్చింది.

"అప్పా, మా అక్క కుప్పం నుంచి వస్తాండాది. కాడుగోడి స్టేషన్లో దిగుతాది. గుమ్మడికాయ తెస్తాండాదంట. క్యాబ్ పెట్టి చూస్తి, ఒక్కడూ రాలేదు."

ఎవరొస్తారు? ఆ రోజు బెంగళూరులో క్యాబులన్నీ కడుక్కుని, బొట్టు పెట్టుకుని, దండ వేసుకుని నిలబడి ఉంటాయి. ఆటోలూ అంతే.

"నేను తీసుకుపోతనమ్మా" అన్నాడు రెండో అంతస్తాయన.

"నేను తీసుకెళ్తాను" అని నేను అదే క్షణంలో అన్నాను. కొంచెం గట్టిగా.

ఆయన తాళం తిప్పాడు. టకటకటక. నేను బేస్‌మెంటులోకి పరుగెత్తాను. రాజులాగా కాదు, మామూలుగానే. నా కారు ఆ పాటి టకటక కూడా అనలేదు. డాష్‌బోర్డులో ఒక ఎర్ర దీపం సన్నగా వెలిగి, నా వైపు జాలిగా చూసి ఆరిపోయింది.

పైకొచ్చేసరికి ఆయన పూజ ముందు నిలబడి ఉన్నాడు. నడిమధ్యలో ఆ డబ్బా. నెత్తిన బంతిపువ్వు, నుదుట కుంకుమ, ఛార్జింగు రంధ్రం నిండా గంధం.

"అమ్మా, రెండు నిమిషాలు. తీసి మళ్ళ పెడత."

"ముట్టకూడదప్పా. పూజలో పెట్టింది పెట్టిందే. దానికీ ఒక దినం రెస్టు కావల్ల."

"ఫుల్ ఛార్జింగు ఉందమ్మా!"

"ఉండనీ. యాడికీ పోదు."

నాకు ఎంత ఆనందం కలిగిందో చెప్పడం సభ్యత కాదు. నా కేబుళ్ళు! పూజకి పిలవని నా కేబుళ్ళు! మా తలుపు దగ్గరే స్వేచ్ఛగా, ఏ కుంకుమా అంటకుండా! తెచ్చి వాకిట్లో దబ్బుమని పడేశాను. అప్పుడు మా ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"ఏవండీ, కేబుళ్ళున్నాయి సరే. బతికున్న బండేది?"

"నా స్కూటరుంది" అని ఆవిడే అంది. "పెద్దమ్మగార్ని ముందు నిలబెట్టి, గుమ్మడికాయని వెనక కూర్చోబెట్టి తెస్తాను."

"నా బండి ఉండాది కదప్పా" అంది కింది అమ్మ.

అందరం పాత కారు వైపు తిరిగాం. కడగడం కోసం ముందురోజే ఆయన దాన్ని డబ్బాతో లేపి, పొద్దుగూకేదాకా కాంపౌండులో తిప్పాడు. దానికి పాటలు లేవు, రేడియో ఎప్పుడో పోయింది. లైట్లు వేసి పోటీపడే మొగుళ్ళూ లేరు. తాళం తిప్పగానే ఒక్క దగ్గు దగ్గి లేచింది. రోడ్డెక్కడానికి పనికిరాని ముసలిదే ఆ రోజు భవనంలో ప్రాణమున్న ఏకైక కారు.

ఇక కావలసింది నా కారుని లేపడం. అమ్మనీ, అక్కనీ, గుమ్మడికాయనీ నేనే తేవడం. కాఫీ తిరిగి రాబట్టడం. కానీ నా కారు కింద, గోడకి ముక్కు ఆనించుకుని ఉంది. పాత కారు పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఆయన కారు. నా కేబుళ్ళు చేరేది దానికొక్కదానికే.

నా చేతులతో, నా కేబుళ్ళతో, నేను ఆయన బండికి ప్రాణం పొయ్యాలి. ఆ బండెక్కి ఆయన అమ్మని తీసుకుని పోతాడు. నేను చేతులూపుతూ నిలబడాలి. కేబుళ్ళు తెగిపోయాయని చెబుదామా అని కూడా ఆలోచించాను. ఇనప మోకుల్లాంటివి ఎలా తెగాయంటే ఏం చెప్పను?

"రైలొచ్చే టైమైంది. అక్క మోకాళ్ళ నొప్పిది, నిలబడలేదు" అంది కింది అమ్మ. అది నాతోనే అంది.

ఎర్రది తీసుకున్నాను. ఈసారి మంత్రం చదవబుద్ధి కాలేదు. ఆయనే అడిగాడు.

"అన్నా, వరస చెప్పరాదే. నాకు రాదు."

చెప్పాను. ఆయన ఒక్కొక్క క్లిప్పూ పట్టుకుని, నేను చెప్పినచోట పెట్టాడు. ఆఖరి నల్లదానికి ఇంజను మీద ఇనుము వెతికి, రవ్వ లేస్తే చిన్నపిల్లాడిలా ఉలిక్కిపడ్డాడు. "ఇగ నొక్కాల్నా?"

"నొక్కకూడదు తమ్ముడూ. ఆగాలి. కూర్చో."

అరుగు మీద నా కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, నేను మెట్టు మీద కూర్చున్నాను. మా ఆవిడ గోడకి ఆనుకుంది. పాత కారు గుర్రుగుర్రుమంటోంది. లోపల పాల గిన్నె చప్పుడైంది. నాకు ఆ చప్పుడు తెలుసు. డికాక్షను వాసన గుమ్మం దాటి వచ్చింది. కింది అమ్మ రెండు లోటాలతో బయటికొచ్చింది. ఒకటి నాకు, ఒకటి ఆయనకి.

ఆయన ఒక గుక్క తాగి, లోటా వంక చూసి, నా వంక చూశాడు.

"ఇదా అన్నా అందరు చెప్పే కాఫీ?"

"నీకు తెలియనట్టు మాట్లాడతావేం? రోజూ తాగుతున్నదే కదా."

"ఏడ అన్నా? ఇదే ఫస్ట్. అమ్మ పాలు పెట్టేలోపల్నే బండి స్టార్టయితది. 'అయిపోయిందా అప్పా, మేలు' అంటది, లోపలికి పోతది. నేను డబ్బా సదురుకుని పైకి పోవుడే. ఆ మొదటిరోజు మీరు గోడ మీద చూసిన లోటానా, అది అమ్మదే, ఆమె తాగింది." ఆయన ఇంకో గుక్క తాగాడు. "పోయిన సంక్రాంతప్పట్నుంచి ఈడ ఉంటున్న. మీరు ఈ కుర్చీల కూసుని నవ్వుకుంట మాట్లాడుతుంటే పైనుంచి చూస్తుండె. కుళ్ళుకునేది అన్నా, అబద్ధం ఎందుకు? అందుకనే కొన్న ఆ డబ్బా. జల్ది చేస్తే నన్ను కూడా కూసోమంటదేమో అనుకున్న."

మా ఆవిడ దగ్గినట్టు నవ్వింది. కింది అమ్మ ఏమీ అర్థం కానట్టు, "కాఫీ కావల్లంటే అడగాల్ల కదప్పా, బండి చెడగొట్టుకోవల్లనా?" అంది.

ఇన్నాళ్ళ నా కడుపుమంటంతా ఆయన తాగనే తాగని కాఫీ మీద పెట్టానన్నమాట. నా లోటాలో నురగ ఆయన లోటాలో కంటే తక్కువగా ఉందని మాత్రం గమనించాను.

తాళం తిప్పితే ఆయన కారు లేచింది. "దారిలో ఆపకు. బ్యాటరీకి ఇంకా బలం ఎక్కలేదు. స్టేషను దగ్గర కూడా ఇంజను ఆపకు" అన్నాను.

"మీరు కూడా రండన్నా. ఆగితే?"

వెళ్ళాను. ముందు సీటులో కింది అమ్మ. వెనక నేనూ, నా కేబుళ్ళూ. తిరిగొచ్చేటప్పుడు నా పక్కన అక్కగారు, నా ఒళ్ళో గుమ్మడికాయ. అది మా కారు డిక్కీకి కూడా పట్టనంత కాయ. కాడుగోడి నుంచి మారతహళ్ళి దాకా ప్రతి సిగ్నలు దగ్గరా అది నా ఒళ్ళో ఇంకొంచెం పెరిగింది. అక్కగారు దారంతా ఆయన్నే మెచ్చుకుంది. "ఎంత బాగా తోల్తాండాడో చూడవే." కేబుళ్ళు ఎవరివో ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాను, రెండుసార్లు.

మర్నాడు పునఃపూజ అయ్యాక డబ్బా ఆయన చేతికొచ్చింది. గంధం గట్టిపడి ఛార్జింగు వైరు దూరలేదు. ఆయన గుండుసూదితో గీకుతూ కూర్చున్నాడు. వచ్చే ఏడు నా కేబుళ్ళని కూడా నడిమధ్యలో పెడతానని కింది అమ్మ మాటిచ్చింది. వద్దమ్మా, అన్నాను. అవి ఆ రోజు ఖాళీగా ఉండడం అవసరం.

ఆ వారమే మా ఇంటికి ఒక పార్సిలు వచ్చింది. మా ఆవిడ తెప్పించింది. "కార్టులో పెట్టడం, తియ్యడం చూసి నాకు కళ్ళు తిరిగాయి" అంది. లోపల నల్ల డబ్బా. ఛార్జింగు పెట్టి, గుడ్డలో చుట్టి, స్టెపినీ టైరు కింద దాచాను. గోడవైపు మా కారు చస్తే దిక్కుండాలి కదా. ఎవరికీ చెప్పలేదు. కింది అమ్మ పిలిస్తే మాత్రం కేబుళ్ళే భుజాన వేసుకుని దిగుతున్నాను. పాలు పొంగడానికి టైమివ్వాలి.

మొన్న ఆదివారం అలాగే దిగాను. పాత కారు అప్పటికే గుర్రుగుర్రుమంటోంది. కుర్చీలో రెండో అంతస్తాయన, చేతిలో లోటా. పక్కనే ఇంకో బానెట్ ఎత్తి ఉంది. రెండు బండ్ల మధ్య కేబుళ్ళు. కొత్తవి, మెరిసిపోతున్నాయి.

"కొన్న అన్నా" అన్నాడు నురగ తుడుచుకుంటూ. "మీయి చూసే. కాకపోతే ఇవి జర పొడుగు. కింద గోడ దాక కూడా అందుతయి."